'గ' కాస్తా 'మ' అయింది

ఈ సాయంత్రం మా అమ్మాయీ నేనూ టేకు ముక్కలతో ఇంట్లోనే జైలోఫోన్ చేస్తున్నాం. చెక్క కొస అరగదీసేకొద్దీ స్వరం పెరుగుతుంది. 'గ' చెక్కను నేను ఆకురాయితో రాస్తున్నాను, తను చిన్న సుత్తితో కొట్టి వింటోంది.

"మేలే" అంది. బాగుందంటోంది కాబోలని ఇంకాస్త రాశాను.

"మేలేమ్మా!"

ఇంకా ఉత్సాహంగా రాశాను.

"అయ్యో, మేలే పోయిందని చెప్తానే ఉండాను కదా! ఇది 'మ' అయిపోయె!"

తమిళంలో మేలే అంటే పైకి. పెళ్లయి మద్రాసొచ్చి ఇన్నేళ్లయినా నా చెవి బెజవాడలోనే ఉంది.

"తెలుగులో చెప్పొచ్చు కదే?"

"తెలుగే కదమ్మా?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

చెక్కదేముంది, ఇంకోటి కోసుకుంటాం. తన తెలుగును దిద్దాలో, నేనే నేర్చుకోవాలో తేలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?