మావయ్య పెట్టుకొచ్చిన ఫ్రెంచి వాచీలు

మొన్న గురుగ్రామ్‌లో మా ఆఫీసు పక్క మాల్‌లో, నాతో పనిచేసే అమ్మాయి తన భర్తకి వాచీ కొంటుంటే, దుకాణంవాడు పెట్టె మూత తీయగానే కొత్త తోలు పట్టీ వాసన గుప్పుమంది. చుట్టూ అంత వెలుగు, అంతమంది జనం ఉన్నా, ఎవరో తలుపు కొట్టబోతున్నారన్న భయం పట్టుకుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక చలికాలం ఆ వాసన మా ఇంట్లోకి వచ్చింది.

అప్పుడు ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నాన్న పోయాక, ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మకి తోడుగా ఆమె తమ్ముడు, మా చిన్న మావయ్య, పాలకొల్లు నుంచి వచ్చి మాతోనే ఉండిపోయాడు. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ కింద, ఖరీదైన ఫ్రెంచి వాచీలు అమ్మే దుకాణంలో అతని ఉద్యోగం. డిసెంబరులో కిటికీ అద్దాలు పొగమంచుకి తెల్లబడిపోయేవి. మఫ్లర్ చుట్టుకుని, ఇసకలో వేయించిన వేరుశనక్కాయల పొట్లం చేత్తో పట్టుకుని మావయ్య ఇల్లు చేరేవాడు. రజాయిలో దూరి, అమ్మమ్మ పంపిన పోకుండలు కొరుక్కుంటూ నేను కథ చెప్పమనేదాన్ని.

ఫ్రాన్సుకి తూర్పున కొండల్లో పొలాల్ని మంచు కప్పేస్తే, పనిలేని రైతులు కిటికీల దగ్గర కూర్చుని వాచీలకి పళ్ళచక్రాలు అరగదీసేవారట. అవి బెజాన్సాన్ అనే ఊరు చేరి గడియారాలయ్యేవట. పారిస్ నగల వర్తకులు వాటిని నగల్లా తీర్చి రాజులకీ రాణులకీ అమ్మారట. విమానం నడిపే ఒకాయన గాల్లో ఉండగా జేబు గడియారం తీసి చూడలేకపోతున్నానంటే, మణికట్టుకి కట్టుకునేలా నలుచదరపు వాచీ చేసిచ్చారట. ఆ తర్వాత చవక బ్యాటరీ వాచీలు వచ్చిపడి, ఆ ఊళ్ళో ఫ్యాక్టరీలు మూతబడి, జనం రోడ్డున పడ్డారట.

"మరి ఇప్పుడెవరు కొంటారు మావయ్యా?"

"టైము కోసం ఎవడు కొంటాడే పిచ్చిదానా! అది చేతికుంటే జనం మనల్ని చూసే చూపే మారిపోద్ది," అనేవాడు. ఆ మాట దగ్గర అతని గొంతు తగ్గిపోయేది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం, కంచం ముందు కూర్చున్న మావయ్య స్వెట్టరు చేతి కింద నుంచి ఒక నలుచదరపు వాచీ బయటపడింది. పాలతెలుపు ముఖం, రోమన్ అంకెలు, నీలం ముళ్ళు. పులుసు పోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరిదిరా అది?"

"షాపుదే అక్కా. పండగెళ్ళగానే మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

"తీసెయ్. ముందు పట్టుకెళ్ళి ఇచ్చెయ్."

మావయ్య నవ్వి, కీ ఇచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. చెక్కని పురుగు తొలుస్తున్నట్టు వినిపించింది.

మర్నాడు చర్చిలో, నాఫ్తలీన్ వాసన వేసే పట్టుచీరల మధ్య, కేకు ముక్కల పళ్ళేల మధ్య, ఎప్పుడూ "ఏరా అబ్బాయ్" అనే పెద్దలే "ఎక్కడ చేస్తున్నారండీ?" అని మావయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అమ్మ పాటకి పెదాలు కదుపుతోంది గానీ గొంతు రావడంలేదు.

పండగ వెళ్ళగానే మావయ్య వాచీని దుకాణంలో పెట్టేశాడు. ఏమీ జరగలేదు. అందుకే తర్వాతి వారం ఇంకోటి వచ్చింది, ఆ పై వారం మరొకటి. అమ్మ చెప్పింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి మాట్లాడటమే మానేసింది. గేటు కిర్రుమంటే కూర కలిపే గరిటె ఆపి వినేది. ఆమెని చూసి నేనూ వినడం నేర్చుకున్నాను.

చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం దుకాణం నుంచి కోట్లు వేసుకున్న ఇద్దరు వచ్చారు. బూట్లు బయటే విప్పి, "దీదీ, థోడా పానీ," అని మర్యాదగా అడిగారు. నీళ్ళు తాగాక హిందీలోనే చెప్పారు. కొత్తదని కొన్న వాచీ పట్టీ లోపల ఒక మడత, చెమట మరక కనిపించాయని కొన్నాయన గొడవచేశాడట. దుకాణం కెమెరాల్లో మావయ్య కనిపించాడట.

లోపలి గదిలోంచి మావయ్య తనే వచ్చాడు. ఆ వారం వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఔర్ కిత్నీ హైఁ?"

ఇంకేవీ లేవన్నా వాళ్ళు నమ్మలేదు. బీరువా తీశారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, నా స్కూలు బ్యాగు మంచం మీద బోర్లించారు. ఏమీ దొరకలేదు. డ్యూటీకి బయల్దేరబోతున్న అమ్మ తెల్ల యూనిఫాంలో, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను దొంగని కాదక్కా," అన్నాడు మావయ్య తెలుగులో.

"నాకు తెల్సురా. వాళ్ళకి తెలీదు," అంది అమ్మ.

పోలీసుల దాకా పోలేదు గానీ ఉద్యోగం పోయింది. ఢిల్లీలో వాచీల దుకాణాలన్నిటికీ, మా చర్చికీ సంగతి పాకింది. చర్చిలో మేము కూర్చుంటే పక్కనున్న ఆంటీలు పర్సులు ఒళ్ళోకి తీసుకునేవారు. ఎండలు ముదరకముందే మావయ్య రైలెక్కి ఊరు వెళ్ళిపోయాడు. నరసాపురం వైపు ఐసు ఫ్యాక్టరీలో చేరాడు, పెళ్ళి చేసుకోలేదు.

వైశాలిలో మా వాటా ఉన్న వరసంతా పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది, చర్చి మారిపోయింది. మావయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. "అన్నం తిన్నావా? అమ్మ ఎలాగుంది?" అంతే. ఈమధ్య ఒకసారి, "మా పిల్లకి ఏదైనా కథ చెప్పు మావయ్యా," అని ఫోను దాని చేతికిచ్చాను. అది చెవికి ఆనించుకుని చాలాసేపు ఓపిగ్గా నిలబడి, తాత అసలేం మాట్లాడట్లేదని హిందీలో చెబుతూ నాకు తిరిగిచ్చేసింది.

"నానూ కుఛ్ బోల్ హీ నహీఁ రహే, మమ్మీ."