ప్రార్థన నూనె

మూడు నెలలైనా మా పిల్లికి విరేచనాలు తగ్గలేదు. నేల కడిగి కడిగి అలసిపోయాను. చేపలు దొరికేచోట ఎలాగో బతుకుతుందిలే అనుకుని, మొగల్తూరులో వదిలేయడానికి దాన్ని బుట్టలో పెట్టుకుని నరసాపురంలో బస్సెక్కాను.

పక్క సీట్లో చేపలమ్మే ఆమె ముక్కు మూసుకుంది. "నా తట్ట కంటే మీ బుట్టే కంపు కొడతందండి. ఏం పెడతన్నారు దానికి?"

"అన్నం, చేప. మొదట్లో రెండు రోజులు పారిందని, స్వస్థత కోసం మా పాస్టరమ్మగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనె తాగిస్తున్నానమ్మా. పొద్దున్నే ఒక చెంచా."

"ఇప్పటికీనా?"

"ఒక్కరోజు కూడా మానలేదు."

ఆమె నవ్వలేదు. మూత తీసి పిల్లి తల నిమిరింది. "రోజూ నూనె తాగితే మీకైనా నాకైనా ఇంతేనండి. దేవుడికి చెప్పుకోండి. నూనె మాత్రం పొయ్యకండి."

మొగల్తూరులో దిగి, అదే బుట్టతో తిరుగు బస్సెక్కాను. నూనె మానేసిన నాలుగు రోజులకే విరేచనాలు ఆగాయి.

ఆమెను దేవుడే పంపాడని ఇప్పటికీ నమ్ముతాను. ఆదివారం సంఘంలో, పిల్లికి తగ్గిందని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఎలా తగ్గిందో చెప్పడానికి నోరు రాలేదు. పాస్టరమ్మగారు సంతోషంగా ఇంకో సీసా నూనె నా చేతిలో పెట్టారు.