ఉత్తగ ఎక్కేటోడు

భూపాలపల్లి దగ్గరి రాళ్ల గుట్టను ఎండాకాలంలో ఎక్కాలని కాకినాడలో కూర్చుని గట్టిగానే ప్లాన్ వేసుకున్నాను. తెల్లారకముందే మొదలుపెట్టాలి, సంచి మాత్రం తేలిగ్గా ఉండాలి. జనగామలో బస్సెక్కాక పక్క సీట్లోని అవ్వకు ఇదంతా వివరించాను.

"ఏం మొక్కుకున్నవ్ బిడ్డా?" అంది.

"మొక్కేం లేదవ్వా. ఊరికే ఎక్కుతున్నాను."

"ఉత్తగనా! గీ ఎండలనా!" జాలిగా చూసి, చేతిసంచిలోంచి కొబ్బరికాయ తీసి నా ఒళ్లో పెట్టింది. "మా బర్రె సుకంగ ఈనాలని మొక్కిన. మోకాళ్లు నొస్తున్నయ్, ఎక్కలేను. ఎట్లాగూ పోతున్నవ్ గద, పైన దేవునికి గిది కొట్టు."

వెనక సీటాయన వంగి, "అన్నా, జర మాది గూడ," అన్నాడు. దిగగానే ఆయనా కాయ కొనిచ్చాడు. వాటికి చోటివ్వడానికి ఒక నీళ్ల సీసా తీసేశాను. అవ్వ నా ఫోన్ నంబరు రాయించుకుంది.

మర్నాడు గుట్టపైన కాయలు కొట్టి, గొంతెండిపోయి ఆ కొబ్బరినీళ్లే తాగాను.

మొన్న ఫోనొచ్చింది. "బిడ్డా, మా బర్రె ఈనింది! ఆడ దుడ్డె!"

ఇంట్లో అందరికీ మిఠాయి పంచాలన్నంత సంబరమేసింది. అవ్వ మాత్రం పని మీదే ఉంది.

"మా చెల్లె బర్రె గూడ ఈనేటట్టుంది. మళ్ల ఎప్పుడెక్కుతవ్?"