బెర్న్‌లో పిల్లల్ని తినేవాడికి దండం

వరసగా తిండి కొట్లుండే సింగపూర్ హాకర్ సెంటర్లో ఖాళీ కుర్చీ ముందు టిష్యూ పొట్లం పెట్టి వెళ్తే, తిండి తెచ్చుకుని వచ్చేదాకా ఆ కుర్చీ మనదే. దీన్ని చోప్ చేయడం అంటారు. ఎంత పెద్ద మేనేజరైనా ఆ పొట్లాన్ని చూసి పక్కకు తప్పుకోవాల్సిందే. నా బెర్న్ ప్రయాణం మీద పొట్లం పెట్టడం నేను మర్చిపోయాను. మా టీమ్ లీడ్ మర్చిపోలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లని విమానాల్లో బస్తాల్లా ఎక్కిస్తున్న రోజులవి. స్విట్జర్లాండ్‌లో ఓ బ్యాంకుకి ప్రోగ్రాం రాసింది నేను. బెర్న్ వెళ్లి దాన్ని అప్పజెప్పి రావాల్సింది నేను. పాస్‌పోర్టులో వీసా కూడా పడింది. లైబ్రరీ పుస్తకం ముందేసుకుని పాతూరంతా బట్టీ పట్టాను. వీధుల పొడవునా కమాన్ల వసారాలట, వానొచ్చినా గొడుగు లేకుండా ఊరంతా తిరగొచ్చట. ఇక్కడ సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకుల కింద నడిచినట్టే. తేడా అల్లా నాలుగైదు వందల ఏళ్లు.

బయల్దేరడానికి వారం ముందు లీడ్ పిలిచాడు. గుంటూరు మనిషి.

“అబ్బాయ్, క్లయింటు సీనియర్ని రమ్మంటున్నాడు. ఏం చేస్తాం, వెళ్లక తప్పేట్టు లేదు” అన్నాడు, ఉరికంబం ఎక్కబోయేవాడిలా.

“అయ్యో, మీకెంత కష్టం వచ్చింది సార్!”

“అదేలే. నువ్వా ఊరి గురించి ఏదో చదివావంట కదా? నాకో ఆదివారం ఖాళీ దొరుకుద్ది. ఏమేం చూడాలో రాసిపెట్టు.”

ఊరు తీసుకున్నది చాలక, అందులో నా దారి కూడా కావాలన్నమాట.

పుస్తకంలో పెద్ద చర్చి గుమ్మం బొమ్మ ఉంది. దాని మీది శిల్పాల్లో దేవుడి చివరి తీర్పు జరుగుతోంది. ఓ పక్క స్వర్గానికి వెళ్లేవాళ్లు, ఇంకో పక్క నరకానికి వెళ్లేవాళ్లు. నరకం వైపు మా లీడ్‌కు జాగా వెతికాను. ఖాళీ లేదు. అందరూ ముందే చోప్ చేసుకున్నట్టున్నారు.

దాంతో కాగితం తీశాను. గడియారం బురుజులో గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందు ఎలుగుబంటి బొమ్మలు తిరుగుతాయి, కోడి కూస్తుంది. నేను మాత్రం, “గంట కొట్టిన ఐదు నిమిషాలకు చేరుకోవలెను” అని రాశాను. దానికి దగ్గర్లోనే ఓ ఫౌంటెన్, స్తంభం మీద ఓ రాక్షసుడు. నోట్లో ఓ పిల్లాడు, సంచిలో మరికొందరు పిల్లలు. వాణ్ణి అక్కడెందుకు పెట్టారో ఎవరికీ సరిగ్గా తెలియదట. తెలియని చోట నేను సాయం చేశాను: “పిల్లల పాలిటి దేవుడు. బిడ్డను ముద్దాడుచున్న భంగిమ. చేతులు జోడించి ఫోటో దిగుట ఆచారం.”

ఆయన తిరిగొచ్చాక ఓ ఆదివారం భోజనానికి పిలిచాడు. ఆయన భార్య గోంగూర పప్పు వడ్డిస్తుంటే ఆల్బం తెరిచాడు.

“గడియారం సంగతి భలే చెప్పావు అబ్బాయ్. నేను వెళ్లేసరికి ఒక్కడంటే ఒక్కడు లేడు. జనం వచ్చేసరికి మనమే ముందు వరస. అన్నీ చూశా! చలికి ముక్కు ఊడిందనుకో.”

గంట సేపు కదలకుండా నిలబడే శత్రువు దొరకడం నా ఖర్మ.

తర్వాతి పేజీలో ఆయన కళ్లు మూసుకుని, రాక్షసుడికి దండం పెడుతున్నాడు.

“ఎంత భక్తో! తిరుపతిలో కూడా ఇట్టా నిలబడలేదు ఈయన” అంది ఆవిడ.

వాళ్ల ఏడేళ్ల పాప ఆల్బం లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుని, బళ్లో నేర్చిన సింగపూర్ ఇంగ్లీషులో అరిచింది.

“డాడీ, హీ ఈటింగ్ ద బేబీ లా!”

“ముద్దు పెట్టుకుంటున్నాడమ్మా.”

“నో లా. హెడ్ ఇన్‌సైడ్ ఆల్రెడీ.”

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, వంగి చూసింది.

“ఏవండీ, పాపని చల్లగా చూడమని మొక్కుకున్నానన్నారే, అది వీడికా?”

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వే కదయ్యా రాసిచ్చింది?”

“నేను రాసింది పక్క వీధిలో దేవుడి గురించి సార్. మీరు సీనియర్ కదా, పోల్చుకుంటారనుకున్నా.” ఆవిడ వైపు తిరిగి ఇంకాస్త పప్పు వేయమన్నాను. ఆకలి కాదు, ఆనందం.

సోమవారం ఆయన టేబుల్ మీద రెండో విడత బెర్న్ ప్రయాణం ఫారం కనిపించింది. పేరు దగ్గర ఇంకా ఖాళీ. నా వీసాకి గడువు ఇంకా ఉంది. ఈసారి మర్చిపోకుండా, ఆ ఖాళీ మీద సరిగ్గా ఓ టిష్యూ పొట్లం పెట్టాను. ఇది సింగపూర్, చోప్ అంటే చోపే.

ఆయన వచ్చాడు, తుమ్మాడు. పొట్లం చింపి ముక్కు తుడుచుకున్నాడు.

“థ్యాంక్స్ అబ్బాయ్. ఆ చలి ఇంకా వదల్లేదు.” ఖాళీలో తన పేరు రాసుకున్నాడు. “ఇంకో కాగితం రాసిపెట్టు. ఈసారి బొమ్మలు కూడా అతికించు, మళ్లీ పొరబడకుండా.”

సాయంత్రం లైబ్రరీకి వెళ్లి అదే పుస్తకం తెచ్చాను. ఆ ఊళ్లో బొమ్మలే కాదు, నిజం ఎలుగుబంట్లని పెంచే గొయ్యి కూడా ఉందట. మొదటి వరుస రాయడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఎలుగుబంట్ల గొయ్యి: గోడ మీద నుంచి బాగా వంగి చూడవలెను.”