చెత్తబుట్టలో సూది

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. జనగామలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేదాన్ని. వాడిన సూదులను మామూలు చెత్తలో కలపకూడదని, వేరే డబ్బాలో వేయాలని ప్రభుత్వ నిబంధన. ఆ కాగితం మా గోడకే అతికించి ఉండేది. ఆ రోజు జ్వరాలతో వచ్చినవాళ్లు గుమ్మం దాకా నిండిపోయారు. హడావిడిలో ఒక సూదిని దూదితో పాటు చెత్తబుట్టలో పడేశాను.

మా వీధిలో చెత్త ఎత్తే మున్సిపాలిటీ అక్క బుట్టను బండిలోకి వంచి, కింద రాలినవి చేత్తో ఏరింది. కేక విని బయటికి పరుగెత్తాను. ఆమె వేలి కొసన రక్తపు బొట్టు.

"ఏం గాదు సిస్టరమ్మా, ముల్లు గుచ్చుకున్నట్టున్నది," అంది.

"ముల్లు కాదక్కా. నేను పడేసిన సూది."

వేలిని నల్లా కింద పెట్టి సబ్బుతో కడిగాను. ఆ సూది ఎవరికి వేసిందో కూడా నాకు గుర్తులేదు. ఎయిడ్స్ లాంటి జబ్బులు అంటుకోవచ్చని చెప్పేసరికి ఆమె మెట్ల మీద కూలబడింది.

"నాకేమన్నయితే నా పిల్లలెట్ల?"

వెంటనే వరంగల్ పెద్ద దవాఖానకు వెళ్లి మందులు మొదలుపెట్టాలన్నారు మా డాక్టరు. ఆ రోజు బంద్. ఆటో మాట్లాడుకొని బయలుదేరాం. దారిలో తెలంగాణ కోసం రోడ్డు మీదే వంట చేస్తూ వంటావార్పు నిరసన చేస్తున్నవాళ్లు ఆటోను ఆపారు.

"బంద్ అని ఎరుకలేదా?"

"దవాఖానకు పోతున్నమన్నా. ఈ అక్కకు వాడిన సూది గుచ్చుకున్నది."

నలుగురు కలిసి పొయ్యి మీది గిన్నెను పక్కకు జరిపి దారి ఇచ్చారు.

వరంగల్‌లో రక్తం తీసుకుని, నెల రోజులకు మాత్రలిచ్చి, మూడు నెలలకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఆ మాత్రలతో ఆమెకు ఒకటే వాంతులు. అయినా పనికి వచ్చేది. నేను ముఖం చాటేస్తుంటే ఒకరోజు తనే పిలిచింది.

"నీ మీద కోపం లేదు సిస్టరమ్మా. భయమే ఉన్నది."

మా దవాఖానలో సూదుల డబ్బాను నా కుర్చీ పక్కనే పెట్టుకున్నాను. ఆమెకు మందమైన గ్లౌజులు కావాలని డాక్టరుతో పోట్లాడి తెప్పించాను.

మూడు నెలలకు ఇద్దరం మళ్లీ వెళ్లాం. కాగితం నా చేతికిచ్చారు. ఏ జబ్బూ లేదు.

"మళ్ల ఒకసారి సదువు," అంది. చదివాను. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇగ ఏడుపెందుకు? నడువు, పొద్దుగాల నుంచి ఏం తినలే," అంటూ నా చెయ్యి పట్టుకొని ఎదురుగా ఉన్న హోటల్‌కు లాక్కెళ్లింది. ఆ రోజు ఇద్దరం కడుపునిండా పూరీలు తిన్నాం.