అత్తగారింట్లో లేని జామచెట్టు

అత్తమ్మ ఫోను నా చేతికి ఇచ్చేది కాదు. జనగామ నుంచి నన్ను కన్న అవ్వ ఫోను చేస్తే స్పీకర్ పెట్టి, పీట వేసుకుని నా పక్కనే కూర్చునేది.

అవ్వ ఇట్లాంటిది ముందే ఊహించింది. పెళ్లికి ముందు మా వాకిట్లో కూర్చుని, కంటికి కనబడినవాటితో పేర్లు పెట్టుకున్నాం. బర్రె అంటే నా భర్త. కోడి అంటే అత్తమ్మ. జామచెట్టు అంటే నేను. ఒక్కో పేరుకు పక్కన ఒక మాట. బర్రె మేస్తుందంటే ఆయన బాగా చూసుకుంటున్నట్టు. కోడి పొడుస్తుందంటే అత్తమ్మ తిడుతున్నట్టు. జామచెట్టు ఎండుతుందంటే మాత్రం వెంటనే వచ్చి నన్ను తీసుకుపోవాలి.

ఘనపూర్ దగ్గరి అత్తగారింట్లో బర్రె ఉంది, కోడి ఉంది. జామచెట్టు లేదు. ఉండదన్న సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు.

కడుపుతో ఉన్న ఐదో నెలలో నాకు నెత్తురు కనబడింది. ఆయన లారీ మీద పోయి ఉన్నాడు. చేనంతా పత్తి పగిలి ఉంది, ఏరడానికి కూలోళ్లు దొరకడం లేదు. దవాఖానకు పోతానంటే అత్తమ్మ నవ్వింది.

"మేము చేన్లనే కన్నం. గింతదానికే దవాఖాననా? పెద్ద రాణివి!"

ఆ సాయంత్రం రొట్టెల పిండి పిసుకుతూ అవ్వ ఫోను కోసం చూశాను. ఒక్క మాట చెబితే చాలు, అవ్వ వస్తుంది, కడుపు నిలుస్తుంది.

"బిడ్డా, బర్రె ఎట్లుంది? జామచెట్టు ఎట్లుంది?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ఫోను తన నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను వదినా. నీ బిడ్డ చేతులకు పిండున్నది, నన్ను చెప్పుమంటున్నది. బర్రె మంచిగ మేస్తుందట. కోడి గుడ్లు పెడుతుందట. జామచెట్టుకేంది, పచ్చగ నిగనిగలాడుతుందట."

"సల్లని మాట చెప్పినవు వదినా!" అవ్వ గొంతులో నవ్వు వినబడింది.

"అవ్వా!" అని నేను అరిచేసరికి ఫోను ఆగిపోయింది. అత్తమ్మ దాన్ని కొంగులో ముడేసుకుంది.

"లేని చెట్టుకు ఇన్నొద్దులు నీళ్లు వోసిన్రు తల్లీబిడ్డలు. నేనేమన్న పిచ్చిదాన్ననుకున్నరా? పొద్దుగాల లేసి పత్తికి నడువు."

మర్నాడు పత్తి సాళ్ల మధ్యనే కడుపు పోయింది. అత్తమ్మ వచ్చి చూసి, ముందు నా ఒళ్లోని పత్తి తడవకుండా తీసి గోనెలో వేసింది.

తర్వాత కొన్నాళ్లకు అవ్వ వచ్చింది, ఐదో నెల గాజులు, సకినాల సంచీ పట్టుకుని. గడపలోనే ఆగి నా పొట్ట వంక చూసింది. తర్వాత వాకిలంతా చూసింది.

"జామచెట్టు కోసమా వదినా?" అంటూ అత్తమ్మ సకినాల సంచీ అందుకుంది. "కాయ నిలువలే. కొట్టేసినం."

అవ్వ ఏడుస్తూనే నా చీరలు గాజుల సంచీలో కుక్కి, చెయ్యి పట్టుకుని నన్ను లేపింది. మేం వాకిలి దాటుతుంటే అత్తమ్మ సకినం కొరుకుతూ వెనక నుంచి కేకేసింది.

"వేర్లతోటి పీక్కపో వదినా! మల్ల గీడ మొలువొద్దు."