బనీను మీద చిలుక

ఆ రోజుల్లో సైకిల్ మీద దూరం పోయేవాణ్ణి చూసి ఎవరూ మెచ్చుకునేవాళ్ళు కాదు. "పాపం, బస్సు అందనట్టుంది" అని జాలిపడేవాళ్ళు. ఇప్పుడు మా మనవడు తలకు గట్టి టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే నిజాంసాగర్ కట్ట దాకా తొక్కి వచ్చి, ఆ ఘనకార్యాన్ని ఊరందరికీ ఫోన్‌లో చూపిస్తుంటాడు. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక్క సైకిల్ యాత్ర గురించి చెప్పబోతే, "తాతా, నీ సైకిల్‌కు గేర్లున్నయా?" అని అడిగాడు. గేర్లు లేవు. బ్రేకు కూడా ఒకటే (అదీ దాని మనసు బాగున్నప్పుడే పడేది). వెనక రెండు గంపలు, గంపల నిండా కుండలు, నా గుండె నిండా దిగులు, ఇంతే సరంజామా.

అది డెబ్భైల మొదట్లో కరువు పట్టి పీడించిన ఏడు. జుక్కల్ అవతల ఒక పల్లెలో మా మేనమామ ఉండేవాడు. ఆయన కూతురు నాకేనని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో అందరూ అంటుండేవాళ్ళు. నేను పీయూసీ తప్పి, బాన్సువాడలో హోటల్ బల్ల మీద చాయ్ తాగడమే ఉద్యోగంగా పెట్టుకునేసరికి ఆ మాట అనడం మానేశారు. మానేస్తున్నామని నాకొక్క ముక్క చెప్పలేదు, అదీ నా బాధ. ఎండాకాలం చివర్లో మరదలికి కోటగిరి వైపు సంబంధం కుదిరింది. పిల్లవాడికి కాలువ కింద వరి పొలం ఉంది. ఎండిన బావిలోకి చేద వేసి గంటలకొద్దీ నిలబడే పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

మామ ఊళ్ళో కుమ్మరి ఇంటివాళ్ళు కరువుకు వలసపోయారు. అందుకని పెళ్ళిలో పూజకు పెట్టే ఐరేని కుండలు బాన్సువాడ నుంచే పంపమని కబురొచ్చింది. సున్నంతో, ఎర్రమట్టి జాజుతో చిలుకలూ తీగలూ వేసిన ఆ కుండలు పెళ్ళి ముందు రోజు దీపాల వేళకు దేవుని అర్రలో ఉండి తీరాలి. మగపెళ్ళివారు అప్పటికే ఒకసారి ముహూర్తం మార్చారు. ఇంకేదైనా అపశకునం జరిగితే ఈ సంబంధమే వద్దనుకునేట్టున్నారు. కబురు తెచ్చిన పెద్దబావ (మా అక్క మొగుడు) చివర్లో ఒక మాట తగిలించాడు. "పిల్లనే చెప్పింది బామ్మర్దీ. బావనే తేవాలె, బావైతేనే పైలంగ తెస్తడని." ఆ మాటలో ఆశపడాల్సింది ఏమీ లేదు. అయినా నేను ఆశపడ్డాను.

అందరూ ముందుగా బస్సులో వెళ్ళిపోయారు. బొమ్మలు ఆరేదాకా ఆగి కుండలు తెచ్చే పని పెద్దబావకూ నాకూ పడింది. ఇంటి కాపలాకు ఆగిన మా నాయనమ్మ (మేము అవ్వ అంటాం) బస్సు మాట ఎత్తనివ్వలేదు.

"బస్సుల కోళ్ళుంటయ్, మేకలుంటయ్, ఎవని కాళ్ళు తగుల్తయో ఏమో. సైకిల్ మీద కొండవోండ్రి. నడుమ యాడ గూడ నేల మీద దించొద్దు. పెండ్లింటి గడప కాడనే దించాలె, సమజయిందా?"

"సైకిలే పడితే ఎట్లనే అవ్వా? దించినట్టా, పడేసినట్టా?" అన్నాడు పెద్దబావ. అవ్వ అతని వైపు చూసిన చూపుకు ఇద్దరం తెల్లవారకముందే బయలుదేరాం.

మంజీరలో ఆ ఏడు నీళ్ళకు బదులు ఇసుకే ఉంది. సైకిళ్ళు నెట్టుకుంటూ దాటేసరికే నాలుక పిడచగట్టింది. పిట్లం దాటాక ఇంకా ఘోరం. నెర్రెలిచ్చిన నల్లరేగడి చేలు, మొదళ్ళు కూడా పశువులు కొరికేసిన జొన్న మళ్ళు, కనుచూపు మేర ఒక్క మనిషి లేడు. దారి పక్క తండాలో ఇళ్ళ తలుపులకు ముళ్ళకంపలు అడ్డం పెట్టి ఉన్నాయి. అందరూ కాలువ పనులకు పోయారట. ఒక ముసలవ్వ మాత్రం చూరు కింద కూర్చుని ఉంది. మా సీసాలో నీళ్ళు ఆమెకు పోస్తే, సగమే తాగి, సగం తన మేకకు పోసింది. తర్వాత కుండల వైపు చూసింది.

"ఎవ్వరి పెండ్లి బిడ్డా?"

"మా మరదలిది."

"మరి నువ్వెందుకు మోస్తున్నవ్?"

పెద్దబావ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నేను సీసా మూత బిగించి ముందుగా సైకిలెక్కాను.

బిచ్కుంద దాటాక పడమట ఆకాశం ఎర్రగా లేచింది. ముందు అదేదో మంట అనుకున్నాం. చూస్తుండగానే దుమ్ము మీదికొచ్చింది. కళ్ళు తెరవలేం, నోరు తెరవలేం, సైకిళ్ళు ఎటు పడితే అటు లాగుతున్నాయి. అవ్వ మాట ప్రకారం గంపలు దించడానికి లేదు, స్టాండు వేస్తే గాలికి నిలవదు. నడిరోడ్డు మీద సైకిల్‌ను పొదివి పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత పెద్ద పెద్ద చినుకులు, వాటి వెనకే రాళ్ళవాన. పెద్దబావ తన కుండల మీద గోనె సంచి కప్పి, సైకిల్‌తో సహా వాన నీళ్ళు పోయే మోరీ వంతెన కిందికి దూరాడు. "నువ్వు గూడ రారా!" అని అరిచాడు. నా సైకిల్ చక్రం బురదలో దిగబడి కదల్లేదు. చొక్కా విప్పి కుండల మీద కప్పితే గాలికి ఎగిరిపోయింది (మహారాష్ట్రలో పడి ఉంటుంది). ఇక మిగిలింది నేనే. కుండల మీద బోర్లా పడి, రెండు చేతులతో గట్టిగా వాటేసుకున్నాను. రాళ్ళు వీపు మీద టపటపా పడుతున్నాయి.

మోరీ కింద నుంచి పెద్దబావ గొంతు వినిపించింది. "ఒక్క కుండ వగిలినా పెండ్లి ఆగుతది బామ్మర్దీ! నీకు మంచిదే గద!"

హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎండిన బావి దగ్గర నిలబడ్డ పిల్ల కళ్ళ ముందు మెదిలింది. పగలనివ్వను అనుకుని కుండలను ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆ వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక్కటే సుఖం.

దీపాల వేళకు ముందే మామ ఊరు చేరాం. విచిత్రం ఏమంటే అక్కడ ఒక్క చినుకు కూడా పడలేదు. జనం వాకిట్లో నిలబడి, బురద ఓడుతున్న మమ్మల్ని అపురూపంగా చూశారు. పెద్దబావ గోనె తీశాడు. అతని కుండల మీద చిలుకలు చెక్కుచెదరలేదు. నేను గర్వంగా నా గంపలు గడప దగ్గర దించాను. కుండల్లో ఒక్కటి కూడా పగల్లేదు, కానీ వాటి మీద ఒక్క బొమ్మ కూడా లేదు. చిలుకలూ తీగలూ అన్నీ నా బనీను మీద ఉన్నాయి. తడి కుండలను నేనే ఛాతీతో రుద్ది రుద్ది తుడిచేశానన్నమాట!

అత్త నెత్తి కొట్టుకుంది. మామ ఒక్కో కుండనూ తిప్పి తిప్పి చూశాడు. పసుపు బట్టల్లో మరదలు గడప దాకా వచ్చి, కుండలను చూసి, నన్ను చూసి, "కుండల మీద లేని చిలుకలు నీ బనీను మీదికెట్లొచ్చినయ్ బావా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూనే నా మెడ మీదా భుజాల మీదా రాళ్ళు తగిలి కమిలిన మచ్చలు చూసినట్టుంది, నవ్వు ఆపేసింది. "సున్నం, జాజు తేండ్రి" అని లోపలికి చెప్పి, నాతో మెల్లగా, "తుడిచినోనివి నువ్వే, నువ్వే ఎయ్యి" అంది.

అలా నేను మనసు పడ్డ పిల్ల పెళ్ళికి ఆ సాయంత్రం గడప పక్కన కూర్చుని నేనే చిలుకలు వేశాను. ఎంత జాగ్రత్తగా వేసినా ప్రతి చిలుకా కాకిలా వచ్చింది. అయినా దీపాల వేళకు కుండలు అర్రలోకి చేరాయి, పెళ్ళి జరిగింది. పిల్ల నీళ్ళున్న ఊరికి వెళ్ళిపోయింది.

మొన్న కోటగిరి వైపు పనుండి వాళ్ళింటికి వెళ్ళాను. జుట్టు నెరిసిన నా మరదలు బొబ్బర్ల విత్తనాలు దాచుకున్న చిన్న కుండను ముందుకు లాగింది. వాళ్ళ మనవరాలు దాన్ని చూసి, "అవ్వా, దీని మీద కాకెందుకేసిన్రే?" అని అడిగింది.

"కాకి గాదే, చిలుక. శాన దూరం నుంచి వానల వొచ్చింది, అలిసిపోయి గట్లయింది" అంది మరదలు, నా వైపు చూడకుండా.

నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చాక మనవడు తన సైకిల్ తుడుచుకుంటూ కనిపించాడు. గేర్ల సంగతి మళ్ళీ అడుగుతాడేమోనని చూశాను కానీ, అడగలేదు.